చెవితో చూసిన బండి

వీధిలో ఎవరు ఆన్‌లైన్లో పాత బండి బేరమాడినా గుమాస్తాగారి చెవి ఆమోదముద్ర వేయాల్సిందే. ఫోన్ల మీదా, యాప్‌ల మీదా కూడా ఆయన తీర్పులు ఉచితమే. బండి దగ్గర మాత్రం చొక్కా చేతులు మడిచి, కళ్లు మూసుకుని, ట్యాంకుకు చెవి ఆనించి, పెద్ద డాక్టరులా వినేవారు. "ఫొటోలదేముందోయ్, అవి ఎన్ని కోతలైనా కోస్తాయి. ఇంజను గొంతు అబద్ధం చెప్పదు. కొనెయ్!"

సొంత బావమరిదికీ అదే మాట చెప్పారు. బ్రేకులు చూడటం ఆయన శాస్త్రంలో లేదు. బండి కొన్న వారంలోనే అతను వంతెన దిగుతుంటే బ్రేకు పడలేదు.

ఆసుపత్రిలో, బావమరిది ఒక మోకాలి కింద చదునుగా పరుచుకున్న దుప్పటిని చూడలేక గుమాస్తాగారు కిటికీ వైపు తిరిగారు. బావమరిదే ఓదార్చాడు. "నీ మాట పోలేదులే బావా. నేను పడ్డాక కూడా ఇంజను ఆగలేదు. పక్కనే పడుకుని విన్నాగా, ఎంత చక్కటి శబ్దమో!"

గుమాస్తాగారు ఆ చెవిని అరచేత్తో మూసుకున్నారు.