దాసయ్య ప్లగ్ పీకిన రోజు

చిక్కడపల్లి సందులోని కిషన్ రావు వడ్రంగి కార్ఖానాకు వెళ్లి బాలప్ప ఎవరని అడిగితే, 2013 ఎండాకాలం దాకా "రౌటర్ బాలప్పనా" అని చూపించేవారు. ఆ తరవాత "వేలు పోయినాయన" అనడం మొదలుపెట్టారు. మనిషికి పేరు పెట్టడంలో లోకానికి సిగ్గూ శరం ఉండవు.

మహబూబ్‌నగర్ దిక్కు నుంచి కూలికి వచ్చినవాడు బాలప్ప. ఇటుకలు మోస్తూనే, పక్కన వడ్రంగులు చేసే పనిని చూసి చూసి నేర్చుకున్నాడు. అశోక్‌నగర్ హాస్టళ్లలో సర్కారు కొలువుల కోసం చదివే పిల్లల మోచేతులకు బల్ల అంచులు గుచ్చుకోవడం లేదంటే అది అతని చలవే. అంచును గుండ్రంగా చెక్కే రౌటర్ మిషన్‌ను రెండు చేతులా పట్టి నడపాలి. అందులో గిరగిరా తిరుగుతూ కోసే బిట్టుకు చెక్కా చెయ్యీ ఒకటే.

ఆ రోజు మిషన్ నడుపుతున్నది దాసయ్య. బాలప్ప ఊరివాడే, బాలప్ప చేయి పట్టి తెచ్చి పనిలో పెట్టించినవాడే. మధ్యలో కరెంటు పోయింది. దాసయ్య స్విచ్చు ఆపకుండానే మిషన్‌ను బల్ల మీద పెట్టి చాయ్‌కి పోయాడు. ఊరికే కూర్చోవడమెందుకని బాలప్ప బిట్టుకు అంటిన జిగురు గీకడం మొదలుపెట్టాడు. కరెంటే లేనప్పుడు ప్లగ్ పీకేదేముందని ఆ కార్ఖానాలో అందరూ అనుకునేవారు, అతనూ అలాగే అనుకున్నాడు. ఇంతలో కరెంటు వచ్చింది. కుడిచేతి చూపుడు వేలు పోయింది.

ప్లగ్ పీకకపోవడం తన తప్పేనని బాలప్ప ఆస్పత్రి మంచం మీదే ఒప్పుకున్నాడు. దాసయ్య మాత్రం తన తప్పు కూడా తెచ్చి అతని నెత్తినే రుద్దాడు. "స్విచ్చు బందు జేసే పోయిన సారూ. బాలన్ననే గెలికిండు" అన్నాడు. కిషన్ రావు నమ్మాడు. కట్టుతో తిరిగొచ్చిన బాలప్పకు మిషన్ ఇవ్వలేదు, దాన్ని తుడిచే పని ఇచ్చాడు. మాట నారాయణగూడ దాకా పాకింది. ఏ కార్ఖానా గడప తొక్కినా "నీకు మిషన్ ఇయ్యాలంటే భయమైతదన్నా" అన్నారు. వేలి గాయం కొన్నాళ్లకు మానింది గాని కడుపులో మంట ఆరలేదు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టినవాడు కళ్లెదుటే మిషన్ నడుపుతుంటే ఎలా ఆరుతుంది?

సాయంత్రం అయితే బాలప్ప మిషన్ ముందు కూర్చునేవాడు. ముందు ప్లగ్ పీకి ఒళ్లో పెట్టుకునేవాడు. పానాతో నట్టు వదులు చేసి, బిట్టు తీసి, కిరసనాయిలులో నానబెట్టి, పాత పళ్ల బ్రష్షుతో జిగురు తోమేవాడు. గాలి రంధ్రాల్లో దూరిన పొట్టును మెత్తటి కుంచెతో రాల్చేవాడు. నీటి చుక్క తగలనిచ్చేవాడు కాదు. బిట్టును పొడిగుడ్డతో తుడిచి మళ్లీ బిగించేవాడు. ఒకనాడు బిగించబోయి ఆగిపోయాడు. నట్టు కాస్త వదులుగా వదిలేస్తే చాలు, రేపు బిట్టు ఎగిరొచ్చి దాసయ్యకే తగులుతుంది. పానా పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. చివరికి బిగించాడు, జాలిపడి మాత్రం కాదు. దెబ్బ తగిలితే దాసయ్యను చూసి లోకమంతా అయ్యో అంటుంది. బాలప్పకు వాడి వేలు అక్కర్లేదు, వాడి నోటితో నిజం కావాలి.

అదును కోసం కాచుకున్నాడు. వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం, కిషన్ రావు ఎదురుగా ఉండగానే కరెంటు పోయింది. దాసయ్య అలవాటు ప్రకారం చేతిలోని మిషన్‌ను ఉన్నదున్నట్టు బల్ల మీద పెట్టాడు.

"దాసయ్యా, బిట్టుకు జిగురు పట్టింది. కరెంటొచ్చేలోపు జర నువ్వే గీకు. నా చేతికి పట్టు చాలుతలేదు" అన్నాడు బాలప్ప.

కిషన్ రావు కూడా గీకమన్నాడు. బిట్టు దాకా వెళ్లిన దాసయ్య చెయ్యి అక్కడే ఆగిపోయింది. లేచి గోడ దగ్గరికి పోయి ప్లగ్ పీకాడు.

"నీ చెయ్యి అనంగనే ప్లగ్ యాదికొచ్చిందా" అన్నాడు బాలప్ప. "స్విచ్చు ముట్టకు. గట్లనే ఉండనీ."

కరెంటు వచ్చేదాకా మిషన్ పక్కనే కాపలా కూర్చున్నాడు. ఎవరినీ తాకనివ్వలేదు. బల్బు వెలగగానే, పట్టు చాలదన్న ఆ చేతులతోనే మిషన్ పిడులు గట్టిగా పట్టుకుని, బిట్టు దేనికీ తగలకుండా ఎత్తాడు.

"సారూ, ఇప్పుడు ప్లగ్ మీరు పెట్టుండ్రి."

కిషన్ రావు పెట్టాడు. స్విచ్చు ఎవరూ నొక్కకుండానే మిషన్ బొయ్యిమని లేచింది. బాలప్ప స్విచ్చు ఆపి, బిట్టు పూర్తిగా నిలిచాక బల్ల మీద పెట్టాడు.

"ఆ దినం గూడ గిట్లనే పెట్టిపోయినవా?" కిషన్ రావు అడిగాడు.

దాసయ్య నేలకేసి చూశాడు. "పెట్టిన సారూ. పని పోతదని అబద్ధం చెప్పిన."

వాణ్ని అప్పటికప్పుడే పంపించేస్తానన్నాడు కిషన్ రావు. బాలప్ప వద్దన్నాడు. పంపిస్తే ఇంకో సందులో పని దొరుకుతుంది, ఇదంతా మరిచిపోతాడు. ఇక్కడే, తన కళ్లెదుటే ఉండాలి. మిషన్ తనకూ, తుడిచే పని దాసయ్యకూ ఇమ్మన్నాడు.

"తుడిచే ముందు రోజూ ప్లగ్ పీకి నా చేతిల పెట్టాలె" అన్నాడు దాసయ్యతో.

ఆ సాయంత్రం దాసయ్య ప్లగ్ పట్టుకుని వచ్చాడు. బాలప్ప వేలు లేని కుడిచెయ్యి చాచాడు. దాసయ్య ముఖం పక్కకు తిప్పుకుని ప్లగ్ పెట్టబోయాడు.

"చూసి పెట్టు" అన్నాడు బాలప్ప.