బుధవారం పారాయణం

సోమవారం ఉదయం అంకుల్ బేస్‌మెంట్ తలుపు తట్టారు. ఆయన ఎప్పుడూ తట్టరు, మెట్ల పైనుంచే పిలుస్తారు. తలుపు తీసేసరికి చేతిలో మంచు తోసే పార ఉంది. "ఆంటీ లేదమ్మా," అన్నారు. పొద్దున లేపితే లేవలేదట. అంబులెన్స్‌కి ఫోన్ చేసి, అది వచ్చేలోగా దారి చేయాలని పార పట్టుకుని బయల్దేరారు. ఆయన చేతిలోంచి పార తీసుకుని నేనే డ్రైవ్‌వే శుభ్రం చేశాను. అంచుల దాకా తోశాను. అంబులెన్స్‌కి అంచులు అక్కర్లేదని అప్పుడు తోచలేదు.

నాకు ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

ఆంటీ మా ఇంటి ఓనరు. కెనడాలోని ఈ కేంబ్రిడ్జ్‌లో మనవాళ్ళలో చాలామందికి ఆవిడ రిటైరైన పిల్లల డాక్టరుగా తెలుసు. అంతకంటే ఎక్కువగా, బుధవారం పారాయణం చేసే మనిషిగా తెలుసు. బుధవారం మధ్యాహ్నం ఆవిడకి ఎవరూ ఫోన్ చేయరు. చేస్తే అంకుల్ ఎత్తి, "పారాయణంలో ఉందండీ," అంటారు. చేసినవాళ్ళు కూడా గొంతు తగ్గించి పెట్టేస్తారు.

నేను ఆ ఇంట్లో దిగిన మొదటి నవంబరులో ఆంటీ కిందికొచ్చి, నీ గదిలో కూర్చుని పారాయణం చేసుకోవచ్చా అని అడిగారు. పైన పూజగదిలో ఏదో శబ్దం వస్తోందని వచ్చినవాళ్ళు అడుగుతున్నారట. నేను గది ఊడ్చి, ఉతికిన దుప్పటి పరిచి, అగ్గిపెట్టె కూడా సిద్ధంగా పెట్టాను. ఆంటీ రెండు స్టీలు డబ్బాల్లో పెరుగన్నం తెచ్చుకుని దుప్పటి మీద కూర్చున్నారు. సంచీలోంచి టాబ్లెట్ తీసి గోడకి ఆనించారు. నేను చేతులు జోడించాను. టాబ్లెట్‌లోంచి విజిల్ వినిపించింది.

అది యూరప్‌లో ఆడవాళ్ళ క్లబ్బుల వాలీబాల్. అక్కడి దేశాల్లోని మేటి జట్లన్నీ చలికాలం పొడవునా ఆడే పోటీ. అక్కడ సాయంత్రం ఆడితే మనకి మధ్యాహ్నం పన్నెండు.

"చేతులు దించమ్మాయ్," అన్నారు ఆంటీ. "అన్నం తిను."

ఆ తర్వాత మెల్లిగా చెప్పారు. వాలీబాల్ చూస్తున్నానంటే, ఫోన్ చేసినవాళ్ళు ఒక్క ఐదు నిమిషాలు మాట్లాడి చూసుకోండి అంటారట. పారాయణం అంటే మాత్రం ఎవరూ ఆపరట. మార్చిలో ఇక్కడ గడియారాలు ముందుకు జరిపాక కొన్ని వారాలు మ్యాచ్ ఒంటిగంటకి పడుతుంది. పారాయణం ఎందుకు గంట జరిగిందని ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదని నవ్వారు.

నేను చదివింది నెల్లూరులో సిస్టర్లు నడిపే కాన్వెంట్‌లో. ఆటల పీరియడ్‌లో నాకిచ్చిన పని స్కోరు అట్టలు తిప్పడం. అది విని ఆంటీ సంతోషించారు. ఒక పాత క్యాలెండరు వెనక అంకెలు రాయించి, బుధవారాలు నా చేత తిప్పించేవారు. స్కోరు తెర మీదే కనిపిస్తుంది కదా అంటే, "అది వాళ్ళ స్కోరు. మనది మనకుండాలి," అనేవారు.

ఆవిడ మెడిసిన్ చదివే రోజుల్లో గుంటూరులో కాలేజీ జట్టుకి ఆడారు. బంతిని మెత్తగా పైకి లేపి, కొట్టేవాళ్ళకి అందించే చోటు ఆవిడది. ఆ రోజుల్లో లిఫ్టర్ అనేవాళ్ళట, ఇప్పుడు సెట్టర్ అంటున్నారు. అందుకే చూపంతా సెట్టర్ల మీదే. పోలండ్‌లో ఒక చిన్న ఊరి జట్టుని తనదనుకున్నారు. కారణం దాని సెట్టర్. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి, రెండు మోకాళ్ళకీ పట్టీలు. ఆవిడ బంతి అందించినప్పుడల్లా ఆంటీ వేళ్ళు నుదుటి దగ్గరికి లేచేవి. ఒక్కోసారి చెంచాతో సహా.

"చూశావా, చప్పుడే లేదు. వేళ్ళకి తగిలిన చప్పుడు వినిపించిందంటే అది తప్పు లిఫ్టు."

నాతో ఆవిడ పోరంతా నా గొంతు పైకి రాకపోవడం గురించే. ఒకసారి రెండు రోజులు నా గదిలో హీటింగ్ పనిచేయలేదు. పైకెళ్ళి చెప్పడానికి మొహమాటపడి కోటు వేసుకుని పడుకున్నాను. తెలిశాక ఆంటీ తిట్టలేదు. ఆ తర్వాతి బుధవారం మ్యాచ్‌లో ఇద్దరమ్మాయిలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటుండగా బంతి మధ్యలో పడింది. ఆంటీ మ్యాచ్ ఆపేశారు.

"ఇద్దరికీ అందే బంతే. ఎందుకు పడింది? 'నాది' అని ఎవరూ అనలేదు. అరవక్కర్లేదమ్మాయ్. అంటే చాలు."

ఈ ఏడు ఆంటీ జట్టు ఎవరూ అనుకోనంత దూరం వచ్చింది. మొదటి గ్రూపు మ్యాచ్‌లు కష్టంగా దాటి, ఫిబ్రవరిలో ఒక ఇటలీ జట్టుని ఓడించి క్వార్టర్ ఫైనల్‌కి చేరింది. ఆ రోజు ఆంటీ స్కోరు అట్టలు తనే తిప్పారు. తర్వాతి సోమవారం అంకుల్ నా తలుపు తట్టారు.

క్వార్టర్ ఫైనల్లో ఒకే జట్టుతో రెండుసార్లు ఆడాలి. ఇస్తాంబుల్‌లో మొదటి మ్యాచ్ ఆ రోజుల్లోనే జరిగిపోయింది. నేను చూడలేదు. ఓడిపోయారని తర్వాత తెలిసింది.

పదమూడో రోజు దాటాక ఆదివారం మన తెలుగు సంఘం ఆంటీలు ఏడెనిమిది మంది అంకుల్‌ని చూడటానికి వచ్చారు. నేను టీ ఇస్తున్నాను. మాటలు బుధవారం పారాయణం మీదికి వెళ్ళాయి. ఇన్నేళ్ళు ఒక్క వారం తప్పలేదు, ఆ నిష్ఠ మనకెక్కడిది, అన్నారు. వచ్చే బుధవారం అందరం వచ్చి ఇక్కడే కూర్చుని చదువుదాం అనుకున్నారు. ఒకావిడ నా వైపు తిరిగారు.

"నువ్వూ పక్కన కూర్చునేదానివట కదా. ఏం చదివేవారమ్మా? అమ్మవారిదా, హనుమంతుడిదా?"

నేను అంకుల్‌ని చూశాను. ఆయన నన్ను చూశారు. ఇద్దరికీ అందే మాటే. ఇద్దరం అనలేదు.

"మనసులో చదువుకునేవారేమో," అని ఆవిడే సర్దుకున్నారు. ఉగాది సంచికలో ఆంటీ పారాయణం గురించి నన్నే ఒక పేజీ రాయమన్నారు. సరేనన్నాను. ఇంతకీ బుధవారం పన్నెండుకే కదా రావలసింది అని ఇంకొకరు అడిగారు.

"గడియారాలు మార్చారు కదండీ," అన్నారు అంకుల్, కప్పు కిందపెడుతూ. "ఒంటిగంటకి."

బుధవారం ఒంటిగంటకి పైన అందరూ కూర్చున్నారు. రెండో మ్యాచ్ కూడా అప్పుడే. నేను తలనొప్పి అని చెప్పి కిందికొచ్చాను. సిస్టర్ల దగ్గర చదువుకున్న పన్నెండేళ్ళలో నేనలా అబద్ధమాడలేదు. దుప్పటి పరిచి, టాబ్లెట్ గోడకి ఆనించి, సౌండ్ తీసేశాను. ఆటకి చప్పుడు లేదు. పైకప్పులోంచి పారాయణం వినిపిస్తోంది. స్కోరు అట్టలు తిప్పుతున్నాను.

రెండో సెట్ మధ్యలో అంకుల్ మెట్లు దిగి వచ్చారు. రెండు స్టీలు డబ్బాలు తెచ్చారు. దుప్పటి మీద కూర్చోవడానికి ఆయనకి చాలాసేపు పట్టింది.

"స్కోరెంత?"

చెప్పాను. ఆయన తలూపారు. సంచిక కోసం ఏం రాయమంటారని అడిగాను. ఆయన డబ్బా మూత తీశారు.

"ఉన్నది రాసెయ్యమ్మా. ఇప్పుడింక మధ్యలో ఫోన్ చేసేవాళ్ళు లేరుగా."

అందుకని ఉన్నది రాస్తున్నాను. ఆ రోజు వచ్చి చదివిన ఆంటీలందరూ నన్ను మన్నించాలి. మీరు గౌరవించిన నిష్ఠ అబద్ధం కాదు. ఒక్క బుధవారం కూడా ఆవిడ తప్పలేదు. ఆదివారం నేను అనవలసిన మాట ఇది. అరవడం నాకు రాదు.

నాలుగో సెట్‌లో మన జట్టు ఓడిపోయింది. సీజన్ అక్కడితో ముగిసింది. అవతలి అమ్మాయిలు ఒకరి మీద ఒకరు పడి గంతులేస్తున్నారు. అంకుల్ చెంచా పక్కన పెట్టారు. పైన ఇంకా చదువుతూనే ఉన్నారు.

పాయింటు పోయినప్పుడు బంతిని విసరకూడదని ఆంటీ చెప్పేవారు. పాయింటు వాళ్ళదైతే బంతీ వాళ్ళదే, నెట్ కిందనుంచి దొర్లించి ఇవ్వాలి. తెర మూలన ఆ ముప్పై ఎనిమిదేళ్ళ సెట్టర్ మోకాళ్ళ పట్టీలతో మెల్లిగా వంగింది. వెనక పడిన బంతి తీసుకుని నెట్ కిందనుంచి దొర్లించింది. అది గంతులేస్తున్న కాళ్ళ మధ్యనుంచి నెమ్మదిగా పోయింది. ఎవరూ దాన్ని తీసుకోలేదు.