చివర లేని ఈల

"లిఫ్టులు బాగుచేసేవాణ్ణి చేసుకుంటున్నావు, ఇంకేం, బతుకంతా పైపైకే" అని పెళ్ళిలో మా బాబాయి హాస్యమాడాడు. నేనూ నవ్వాను. పైకి వెళ్ళింది కిందికి కూడా వస్తుందని, అది వచ్చేచోట అడుగున మా ఆయన నిలబడి ఉంటాడని అప్పటికి నాకు తెలియదు. పొద్దున్న ఆయన పనిముట్ల సంచీ భుజాన వేసుకుని గుమ్మం దాటిన దగ్గర్నుంచి సాయంత్రం మెట్ల మీద ఈల వినబడేదాకా నా ప్రాణం నా దగ్గర ఉండదు. ఫోను మోగితే భయం. మోగకపోతే ఇంకా భయం. ఇన్నేళ్ళు కాపురం చేశాక భయం అలవాటైపోతుందంటారు. ఎవరికి అలవాటైందో వాళ్ళని నాకొకసారి చూపించండి.

వీధిలో అందరూ ఆయన్ని ఈల మేస్త్రి అంటారు. అలా పిలిపించుకునేవాడికి నాలుగు పాటలైనా వచ్చుండాలి కదా. ఆయనకి వచ్చింది ఒక్కటే, అదీ మాటల్లేనిది. పోనీ ఆ ఒక్కటైనా పూర్తిగా వేస్తాడా అంటే అదీ లేదు. మెట్లెక్కినట్టు పైకి వెళ్ళి, అక్కడ కాస్త ఊగి, మెల్లగా దిగుతూ వచ్చి, ఇంకొక్క స్వరం పడితే ఇల్లు చేరుతుందనగా ఆపేస్తాడు. వినేవాడికి తుమ్ము ముక్కుదాకా వచ్చి ఆగిపోయినట్టుంటుంది.

పెళ్ళయిన కొత్తలో ఒక పొద్దున ఆయన వంటింట్లో గిన్నెలు కడుగుతూ ఆ ఈలే వేస్తుంటే, నేను ఉండబట్టలేక ఆ చివరి స్వరాన్ని కూనిరాగం తీసి అతికించాను. చేతిలో గిన్నె వదిలేసి వచ్చి ఆయన నా నోరు మూశాడు. తడి చెయ్యి, చల్లగా ఉంది. కొత్త మొగుడు నోరు మూస్తే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. నాకు మాత్రం భయమేసింది, ఎందుకంటే నాకంటే ఆయనే ఎక్కువ భయపడుతున్నాడు.

"అది వద్దు," అన్నాడు. "మిగతాదంతా ఎంతసేపైనా పాడుకో. అదొక్కటీ వద్దు."

ఎందుకో చెప్పడానికి ఆయనకి చాలా రోజులు పట్టింది. అదీ ఒక్కసారిగా కాదు, బట్టలు మడతపెడుతూ కాస్త, బస్సు కోసం నిలబడి కాస్త. అన్నీ కలిపి నేను అల్లుకున్నది ఇది.

ఆయన చిన్నతనం వేరే దేశంలో గడిచింది. తండ్రి అక్కడొక గిడ్డంగిలో బరువులెత్తే యంత్రం నడిపేవాడు. గిడ్డంగి మూతపడింది. ఆ పనితోపాటే అక్కడ ఉండటానికిచ్చిన అనుమతి కూడా పోయింది. వెనక్కి వస్తే ఇక్కడ ఏ ఆధారమూ లేదు. దాంతో తల్లీ తండ్రీ పిల్లాడూ ముగ్గురూ ఒక లాండ్రీ దుకాణం వెనకగదిలో దాక్కున్నారు. కిటికీకి లోపలినుంచి అట్టలు అంటించారు. పగలు కుళాయి తిప్పకూడదు. దగ్గొస్తే దిండులో ముఖం పెట్టి దగ్గాలి. తండ్రి దొంగచాటుగా ఏదో పనికి పోయి వచ్చేవాడు. తలుపు మీద రెండు దెబ్బలు పడితేనే అమ్మ గడియ తీసేది. ఒకటి పడినా, మూడు పడినా, ఊపిరి బిగబట్టి మంచం కిందికి దూరాలి.

సాయంత్రమయ్యేసరికి ఆ వీధిలోకి ఐస్‌క్రీం బండి వచ్చేది. దాని పాటే ఈ పాట. దూరంగా మొదలై, కిటికీ కిందుగా సాగి, మలుపు దగ్గరికి వెళ్ళేది. అక్కడ బండివాడు అమ్మకం మొదలుపెట్టడానికి పాట కట్టేసేవాడు. రోజూ అదే చోట, చివరి స్వరం పడబోయే ముందే. ఆ బండి ఏ రంగో మా ఆయన ఎన్నడూ చూడలేదు. ఆ పాట వచ్చిందంటే నాన్న వచ్చే వేళైందని మాత్రం తెలుసు.

ఒకరోజు పిల్లాడికి జ్వరం తగిలింది. బండి పాట వినబడగానే ఐస్‌క్రీం కావాలని మారాం చేశాడు. ఆ రోజు ముందే ఇల్లు చేరిన తండ్రి, అమ్మ వద్దు వద్దంటున్నా వినకుండా లేచాడు. "పాట అయిపోయేలోగా వచ్చేస్తాగా," అని పిల్లాడి బుగ్గ గిల్లి వెళ్ళాడు. పాట మలుపు దగ్గర ఎప్పటిలాగే ఆగింది. తండ్రి రాలేదు. తెల్లారాక తలుపు మీద మూడు దెబ్బలు పడ్డాయి. తల్లినీ పిల్లాణ్ణీ విమానం ఎక్కించి పంపేశారు. తండ్రిని ఏ వైపు తీసుకెళ్ళారో, ఏమయ్యాడో తెలియలేదు. అత్తగారు తిరగని ఆఫీసు లేదు, ఆమెకి తిన్నగా జవాబిచ్చినవాడు లేడు. చివరికి ఆవిడ కూడా ఆ ఎదురుచూపుతోనే పోయింది.

అంటే పాట అయిపోనంతకాలం తండ్రి మాట తప్పినట్టు కాదు. ఇది ఆయన నాతో అనలేదు. నేనే అనుకున్నాను. అనుకున్నాక మళ్ళీ ఆ స్వరం జోలికి పోలేదు.

ఇంత జరిగినా ఆ దేశమంటే ఆయనకి పిచ్చి. ఇస్త్రీ ఆవిరి వాసన వస్తే చాలు, దారిలో నిలబడిపోతాడు. అక్కడి సబ్బు, అక్కడి వాన, గోడ అవతల గిరగిర తిరిగే యంత్రాలు, అన్నీ అపురూపమే. ఒకసారి నాకు చిర్రెత్తుకొచ్చింది.

"అట్టలంటించిన గదిలో ఎలకలా బతికారు. దాని మీద బెంగేమిటండీ మీకు?"

"అక్కడ మేం ముగ్గురం ఉన్నాం కదే," అన్నాడు.

నా నోరు మూతపడింది. ఈసారి ఎవరూ చెయ్యి అడ్డం పెట్టకుండానే.

ఇక నా తమ్ముడు. చదువు అబ్బక, బావ దగ్గరే పనిలో కుదురుకున్నాడు. లిఫ్టు పనిలో ఒకడు అడుగున గోతిలోకి దిగితే, రెండోవాడు పై అంతస్తులో మెయిన్ స్విచ్ దగ్గర నిలబడాలి. కిందివాడు బయటపడ్డానని చెబితే తప్ప పైవాడు స్విచ్ వేయకూడదు. ఆ నిలువు గొట్టంలో మాట అరిస్తే గోడలకి కొట్టుకుని ముద్దయిపోతుంది. ఫోనుకి సిగ్నల్ అందదు. ఈల మాత్రం సూటిగా పైకి పోతుంది. అందుకని వీళ్ళిద్దరూ ఒక కట్టుబాటు చేసుకున్నారు. ఆయన గోతిలోంచి బయటికొచ్చి ఈల వేస్తాడు. తమ్ముడు పైనున్న లిఫ్టు తలుపు మీద సుత్తితో రెండు దెబ్బలు కొడతాడు. విన్నాను, కరెంటు వేస్తున్నాను అని దాని అర్థం. తర్వాత స్విచ్. ఆ రెండు దెబ్బల సంగతి పెట్టింది మా ఆయనే. రెండే ఎందుకని మావాడు అడగలేదు, నాకూ తట్టలేదు.

ఈ కట్టుబాటు విన్న రోజున నా భయం రెండింతలైంది. మొగుడి ప్రాణం ఈల మీద, ఆ ఈల తమ్ముడి చెవి మీద. ఏదైనా జరిగితే నేను ఎవరి ముఖం చూసి ఏడవాలి?

ఒకరోజు ఆయన కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయాడు. అది లేకపోతే ఏ తీగ ఎక్కడ బిగించాలో కనబడదు ఆ మనిషికి. పట్టుకుని పరుగెత్తాను. ఆరంతస్తుల ఆఫీసు భవనం. వాచ్‌మన్ కుర్చీలోంచి లేవకుండానే, "మేస్త్రి గోతిలో ఉన్నాడమ్మా. మీ తమ్ముడు పైన," అన్నాడు. కింది అంతస్తులో లిఫ్టు తలుపు ఓరగా తీసి, అడ్డంగా బల్ల పెట్టి ఉంది. ఆ సందులోంచి టార్చి వెలుగు కనిపిస్తోంది. గోతిలో ఆయన్ని చూసే ధైర్యం నాకు ఏనాడూ లేదు. తమ్ముడి చేతికిచ్చి పోదామని మెట్లెక్కాను.

పైకి చేరేసరికి ఆయాసంతో నోట మాట రాలేదు. నన్ను చూసి తమ్ముడు నవ్వాడు.

"లిఫ్టులో రాలేకపోయావా అక్కా?"

"నోర్ముయ్. కింద ఏం చేస్తున్నాడు మీ బావ?"

"గోతిలో నీళ్ళు చేరి, లిఫ్టుని కిందినుంచి ఆపే స్విచ్ పాడైంది. అది మారుస్తున్నాడు. అది పెట్టేదాకా పైన నేనే దిక్కు." గర్వంగా చెప్పాడు. "పొద్దున్నే లిఫ్టు లోపల కొత్త పెట్టె కూడా బిగించా. ఏ అంతస్తు వచ్చిందో ఆడగొంతుతో చెబుతుందంట."

"లిఫ్టు ఎక్కడుంది ఇప్పుడు?"

"రెండో అంతస్తులో ఆపాం."

"కరెంటు వేస్తే?"

"తిన్నగా అడుక్కి దిగి నిలబడుతుంది. దాని పద్ధతే అంత. నువ్వు ఊరికే కంగారుపడకు, బావ ఈల వేస్తే గానీ నేను చెయ్యి పెట్టను."

అంటూ ఉండగానే కిందినుంచి ఈల లేచింది. అదే పాట. హమ్మయ్య అనుకున్నాను, బయటపడ్డాడు. గోడకి చేరగిలబడి కళ్ళు మూసుకున్నాను. పాట మెట్లెక్కింది, ఊగింది, దిగుతూ వచ్చింది. తమ్ముడు సుత్తి అందుకున్నాడు. ఆఖరి స్వరం పడింది. తమ్ముడు తలుపు మీద ఠంగు ఠంగుమని రెండు దెబ్బలు కొట్టి, సుత్తి కింద పెట్టి, స్విచ్ వైపు తిరిగాడు.

ఎక్కడో ఏదో తప్పింది. ఏమిటో వెంటనే తట్టలేదు. ముందు నా పెదవుల మీద ఒక తడి చెయ్యి, చల్లటి చెయ్యి గుర్తొచ్చింది. పై ప్రాణాలు పైనే పోయాయి.

"వెయ్యకు!"

వాడి చేతి మీద పడి వేలాడాను. కళ్ళజోడు ఎగిరి మెట్ల మీద పగిలింది.

"ఏంటక్కా నువ్వు! బావ ఈలేగా అది?"

"మీ బావ కాదురా."

"మరెవరు?"

అంతలో పాట మళ్ళీ మొదలైంది. ఊపిరి పీల్చుకోకుండా, తడబడకుండా, మొదటినుంచి. అప్పుడు తెలిసింది మా ఇద్దరికీ, అది మనిషి పెదవి కాదని. తమ్ముడి ముఖం సున్నం కొట్టినట్టయింది. తర్వాత తెలిసిన సంగతేమిటంటే, మా ఆయన పెరిగిన దేశంలోనే తయారైన ఆ కొత్త పెట్టెకి సొంత బ్యాటరీ ఉంది. కరెంటు పోయి లోపల ఎవరైనా ఇరుక్కుంటే, వాళ్ళు భయపడకుండా కాసేపటికి దానంతటదే ఈలలా ఆ పాట వేస్తుందట. భయపడకుండా!

తమ్ముడు ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు. తలుపు సందులోంచి "బావా! బావా!" అని అరిచాడు. జవాబు లేదు. నేను అరిచాను. పాట తప్ప ఏమీ లేదు. ఎలా దిగానో తెలియదు, కాలు ఏ మెట్టు మీద పడిందో తెలియదు. కరెంటు వేయలేదు, కళ్ళారా చూశాను, అయినా జవాబెందుకు లేదు? గోతిలో నీళ్ళున్నాయన్నాడు. తీగలున్నాయి. నా మనసు ఎన్నిరకాలుగా ఆయన్ని చంపిందో చెప్పలేను.

బల్ల తోసేసి, ఎప్పుడూ చూడని ఆ గోతిలోకి వంగి చూశాను.

ఆయన ఉన్నాడు. చీలమండలు మునిగే మురికినీళ్ళలో, లిఫ్టు దిగితే సరిగ్గా అది ఎక్కడికి వస్తుందో ఆ నడిమధ్యన నిటారుగా నిలబడి ఉన్నాడు. టార్చి నీళ్ళలో పడి వెలుగుతోంది. తల పైకెత్తి ఆ పాటే వింటున్నాడు. గడ్డం మీదినుంచి కన్నీళ్ళు కారుతున్నాయి.

"ఏమండీ!"

ఉలిక్కిపడి చూశాడు. చెయ్యి అందించాను. పైకి లాగి గడప మీద కూర్చోబెట్టాను. బతికున్నాడని తెలియగానే భయమంతా కోపమైంది నాకు.

"సుత్తి దెబ్బలు వినలేదా మీరు?"

"విన్నా."

"రెండు దెబ్బలు పడితే కరెంటు వస్తుందని తెలీదా? మీరు పెట్టిన పద్ధతే కదా! లోపలే ఉన్నానని అరవాలా వద్దా? ఒక్క అంగలో బయటికి రావాలా వద్దా?"

ఆయన నా వైపు చూశాడు. కళ్ళజోడు లేని ఆ కళ్ళు జ్వరం తగిలిన పిల్లాడి కళ్ళలా ఉన్నాయి.

"పాట అయిపోయిందే," అన్నాడు. "మొదటిసారి అయిపోయింది. అయిపోగానే తలుపు మీద రెండు దెబ్బలు పడ్డాయి. నాన్న వచ్చాడు, అమ్మ గడియ తీస్తుందని చూస్తున్నా."

నా వెనకే దిగివచ్చిన తమ్ముడు మెట్ల మీద కూలబడి మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఏడ్చాడు. తర్వాత ముఖం తుడుచుకుని లేచి, ఆ పెట్టె వైరు పీకేస్తానని రెండో అంతస్తుకి బయల్దేరాడు.

"ఉండరా," అన్నాడు ఆయన. "ఇంకొక్కసారి."

తమ్ముడు నా వైపు చూశాడు. నేను వాడి జేబు తడిమి ఫ్యూజు అక్కడే ఉందని చూసుకుని, సరేనని తలూపాను. పాట మళ్ళీ మొదలైంది. అది మెట్లెక్కి, దిగి, ఆ చివరి స్వరం పడేదాకా నేను మా ఆయన చొక్కా కాలరు రెండు చేతులతో పట్టుకునే ఉన్నాను.