పదేళ్లవాడికి డ్రైవింగ్ లైసెన్సు

నా చిన్నప్పుడు మేము మస్కట్ దగ్గర అల్ హైల్‌లో ఉండేవాళ్లం. నాకు పదేళ్లున్నప్పుడు ఒకసారి పందొమ్మిది రోజులు గడప దాటకుండా ఉన్నాం. మా పిల్లలకు చెప్పేటప్పుడు వాటిని నలభై చేసి, మధ్యలో ఒక ఇసుక తుఫానును, రెండు ఒంటెలను కలుపుతాను. ఇక్కడ మాత్రం ఉన్నదున్నట్టే రాస్తున్నాను. నమ్మడం మీ దయ.

మా నాన్న కార్ల ఏసీలు బాగుచేసే మెకానిక్. ఆయన పనిచేసే వర్క్‌షాపు మూతపడింది. వేరేచోట చేరవచ్చని పాత యజమాని కాగితమైతే ఇచ్చాడు. కానీ కొత్త అర్బాబు, అంటే కొత్త యజమాని, తన పేరు మీదికి మార్పించుకునేదాకా మా ముగ్గురి బతాకాలు చెల్లవు. ఆ దేశంలో ఉండనిచ్చే కార్డులు అవి. అవి లేకుండా రోడ్డు మీద దొరికితే నేరుగా విమానం ఎక్కించేస్తారని అందరూ అనేవారు. అందుకని నాకు బడి లేదు, ఆట లేదు. మా అమ్మ పగలు కూడా కర్టెన్ తీయనిచ్చేది కాదు. కింద పిల్లలు ఆడుతుంటే, బంతి గోడకు తగిలిన చప్పుడును బట్టి ఎవరు కొట్టారో చెప్పగలిగే నేర్పు వచ్చేసింది నాకు. ఎవరైనా తలుపు తడితే ముగ్గురం ఊపిరి బిగబట్టేవాళ్లం. రెండు తట్లు, కాస్త ఆగి ఇంకొకటి పడితే మాత్రం పక్కింటి చిచ్చా వచ్చినట్టు.

చిచ్చాది కడప, మా వైపే. అక్కడ సోషల్ మాస్టారుగా చేసి, మస్కట్ వచ్చాక దర్జీ అయ్యాడు. మాకు పాలు, కూరగాయలు తెచ్చిపెట్టేది ఆయనే. గొప్పలు చెప్పడంలో నాకు తొలి గురువూ ఆయనే.

నాన్నను పనిలో పెట్టుకుంటామన్నవాళ్లు ఇద్దరే. ఒకాయన అమెరాత్‌లో కొత్తగా షాపు తెరుస్తున్నాడు. ఇంటికొచ్చి నా బుగ్గ గిల్లి, సైకిలు కొనిస్తానన్నాడు. ఏది అడిగినా “మాఫీ ముష్కిలా”, ఏ ఇబ్బందీ లేదు అనేవాడు. కార్డులు వచ్చే వారమే అన్నాడు. రెండో ఆయనకు సువైక్‌లో ఖర్జూర తోటలు, నాలుగు లారీలు ఉన్నాయి. ఆరేళ్లుగా తన బండిని నాన్న దగ్గరికే తెచ్చి, ప్రతిసారీ పోట్లాడి పోయేవాడు. కార్డులకు పన్నెండు రోజులు పడుతుంది, తొందరైతే మానుకో అన్నాడు.

ఏడో రోజు మధ్యాహ్నం చిచ్చా వచ్చేసరికి మా ఇంట్లో దాని మీదే గొడవ. టీవీలో అమెరికా ఎన్నికలు. ఆయన దాని నోరు నొక్కి, జేబులోంచి గుడ్డ పీలికలు తీశాడు. నీలం అమెరాత్‌కు, తెలుపు సువైక్‌కు. బియ్యం డబ్బా మూత తీసి ఓట్లు వేయమన్నాడు.

నాన్న నీలం వేశాడు. “ఆ సువైకాయన మొగం చూస్తే నాకు చెయ్యి ఆడదు.”

అమ్మ తెలుపు వేసింది. “ఆరేండ్లుగా తిడతానే ఉండావు ఆయప్పను. మాట తప్పినాడని మాత్రం ఒక్కసారన్నా తిట్టలేదే?”

ఇక నాది మిగిలింది. సైకిలును తలుచుకుంటూ నీలం పీలిక పిడికిట్లో పట్టుకుని వెళ్తుంటే చిచ్చా నా చెయ్యి పట్టుకున్నాడు. “ఆగు బేటా. అమెరికావోళ్లు ముప్పైయారు సార్లు ఏసినారు. నీకేం తొందర?”

ఆ దేశం పుట్టిన కొత్తలో ఇద్దరికి సరిసమానంగా ఓట్లు పడ్డాయట. తేల్చాల్సిన సభ రోజుల తరబడి ఓటు మీద ఓటు వేసినా తేలలేదట. బయట మంచు. జ్వరంతో ఉన్న సభ్యుణ్ణి ఆ మంచులోనే మోసుకొచ్చి పక్కగదిలో పడుకోబెడితే, మంచం మీదినుంచే వేశాడట. ఎటూ కదలలేని ఆ సభ నాకు మా ఇల్లులాగే అనిపించింది. పోటీలో ఉన్న ఒకాయనకు బద్ధ విరోధి ఒకడున్నాడు. ఆ విరోధే తనవాళ్లకు ఉత్తరాలు రాసి, నాతో ఇన్నాళ్లూ పోట్లాడినవాడికే వేయండి అన్నాడట. ముప్పైఆరోసారికి ఆయనే గెలిచాడట. పోట్లాడినవాడు ఎక్కడ కాదంటాడో తెలుసు, అన్నిటికీ సరేననేవాడు ఎక్కడ నిలబడతాడో ఎవరికి తెలుసు అని చిచ్చా దానికి అర్థం చెప్పాడు. ముప్పైఆరనే లెక్క దర్జీ కోతే అనుకున్నాను. ఎన్నో ఏళ్లకు ఒక లైబ్రరీ పుస్తకంలో అది నిజమని చదివి, గురువుగారి మీద కాస్త నిరాశపడ్డాను.

“ఇద్దరికీ ఫోన్ చెయ్,” అన్నాడు చిచ్చా నాన్నతో. “నీ కొడుక్కి డ్రైవింగ్ లైసెన్సు కావల్లని అడుగు.”

“వానికి పదేండ్లు భాయ్.”

“అదే చెప్పు. దాచొద్దు.”

నాన్న నసుగుతూనే స్పీకర్ పెట్టి చేశాడు. అమెరాత్ ఆయన క్షణం కూడా ఆగలేదు. “మాఫీ ముష్కిలా. వచ్చే వారం.” నేనప్పటికే మనసులో గేరు మార్చేశాను. సువైక్ ఆయన ఫోను పగిలేలా అరిచాడు. పిచ్చెక్కిందా, పద్దెనిమిది నిండాక తీసుకురా అని పెట్టేశాడు.

ఆ వారంలో మా అమ్మ నవ్వడం అదే మొదటిసారి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాన్న మాత్రం చాలాసేపు ఆ ఫోను వైపే చూశాడు. ఆపైన డబ్బాలోంచి తన నీలం పీలిక తీసి తెల్లది వేశాడు. ఇక నా వంతు. సైకిలూ లైసెన్సూ ఒక్కసారే పోతున్నాయి కదా, నాకు ఏడుపొచ్చింది. అయినా పిడికిలి విప్పాను. పీలిక చెమటకు తడిసి అరచేతికి నీలం అంటింది.

అక్కడినుంచి సరిగ్గా పన్నెండో రోజున కార్డులొచ్చాయి. అమ్మ కర్టెన్ లాగింది. ఆ వెలుతురుకు కళ్లు చికిలిస్తూనే నేను మూడంతస్తుల మెట్లూ దూకి పరుగెత్తాను. అమెరాత్‌లో చేరినవాళ్లకు కార్డులు వచ్చే వారమేనని ఆ వేసవిదాకా వింటూనే ఉన్నాం.

నాకు పద్దెనిమిది నిండిన వారమే సువైక్ ఆయన నన్ను తోటకు పిలిపించాడు. ఖర్జూర చెట్ల మధ్య తన పికప్‌లో కూర్చోబెట్టి, చెవులు దిమ్మెక్కేలా అరుస్తూ నడపడం నేర్పాడు. అప్పుడొచ్చిన లైసెన్సు గడువు ఎప్పుడో తీరిపోయింది, అయినా నా పర్సులోంచి తీయలేదు. ఎవరైనా నా ప్రతి మాటకూ తలూపుతుంటే ఆ పర్సు తడుముకుని, పదేళ్లవాడికి లైసెన్సు ఇప్పిస్తారా అని అడుగుతాను. పెళ్లిచూపుల్లోనూ అడిగాను. ఆ అమ్మాయి నన్ను తిట్టింది. ఆమే ఇప్పుడు నా భుజం మీదుగా ఈ కాగితం చదివి, “ఒంటెలు లేవని ఇన్నాళ్లకు ఒప్పుకున్నారన్నమాట,” అంటోంది.