గడపలో నిలబడి చెప్పమన్న బీబీ టీచరమ్మ

సోమవారం ఉదయం ఎనిమిదో తరగతిలో పద్యం చెబుతుండగా ఫోను మోగింది. మా మైపాడు అంగన్‌వాడీ టీచరు మస్తాన్‌బీ గారు కన్నుమూశారట. సుద్దముక్క చేతిలోనే ఉండిపోయింది. నేను తెలుగు పండితుణ్ణి. చుట్టుపక్కల ఏ సంతాపసభ జరిగినా నన్నే పిలుస్తారు, నేనూ గంటకు తక్కువ మాట్లాడను. అలాంటివాణ్ణి పద్యం సగంలోనే వదిలి వరండాలోకి వచ్చేశాను. ఆ దుఃఖం వెనకే ఒక భయం తరుముకొచ్చింది. తొమ్మిదేళ్ళ నా కూతురు హాసినికి ఈ సంగతి ఎలా చెప్పాలి? బీబీ టీచరుకు జబ్బు నయమైపోతుంది, మళ్ళీ వస్తుందని దానికి నమ్మబలికింది నేనే.

మస్తాన్‌బీ గారి భర్త బస్టాండు దగ్గర కుట్టుమిషను పెట్టుకున్న దర్జీ. ఆయన గుడ్డపీలికలతో కుట్టిచ్చిన రంగురంగుల సంచీ భుజాన వేసుకుని, మధ్యాహ్నం పిల్లలు ఇళ్ళకు వెళ్ళాక ఆమె వీధులు పట్టేది. గుడ్లు పంచడం, బరువులు చూడడం ఆమె ఉద్యోగం. ఆమె వ్రతం వేరు. "బిడ్డ మనసు బాగుండాలంటే ముందు అమ్మానాయన మనసు కుదురుగా ఉండాల" అనేది. పసిహృదయాల గురించి ఉపన్యసించే విద్వాంసులను చాలామందిని చూశాను. పసిబిడ్డల తల్లిదండ్రుల మీద ఇంత జాలిపడిన మనిషిని ఆమెనొక్కరినే చూశాను.

మా వీధి చివర చేపలు పట్టే పోలయ్య కుటుంబం ఉంది. ఒకరోజు అతని భార్య కావేరమ్మ పెద్దకొడుకును చెంప మీద వేళ్ళు తేలేలా కొట్టింది. వాడికి నాలుగేళ్ళు. ఒళ్ళో ఇంకో పసిగుడ్డు. వీధి వీధంతా ఆమెను దులిపేసింది, నాతో సహా. సాయంత్రం మస్తాన్‌బీ గారు వెళ్ళి, కావేరమ్మ ముందున్న చేపల బేసిన్నీ కత్తిపీటనూ తన వైపు లాక్కుని కూర్చుందట. "నీ పని నాకియ్యి మే. పెద్దోణ్ణి నువ్వు ఒళ్ళో కూర్చోబెట్టుకో." ఎవరైనా ఇంటికొస్తే బిడ్డను అందుకుంటారు. ఈమె పనిని అందుకుంది. చేపలన్నీ శుభ్రం చేసి చేతులు కడుక్కుంటూ ఒక్కటే అడిగింది, "పొద్దుట్నుంచి ఏమన్నా తిన్నావా?" అని. కావేరమ్మ వలవలా ఏడ్చేసింది. నాలుగు చివాట్లు పెట్టకుండా ఊరుకున్నారేమని తర్వాత నేను నిలదీశాను. "అమ్మను తిడితే ఆ తిట్టు పొద్దుగూకే లోపల బిడ్డకే చేరతాది అయ్యోరా" అంది. 

ఇక నా కథ. సిగ్గుపడుతూనే రాస్తున్నాను. హాసినికి మూడేళ్ళప్పుడు నా భార్య రమకు కృష్ణపట్నం పోర్టు దగ్గర ఆఫీసులో ఉద్యోగమైంది. నేను బండి మీద విడవలూరు హైస్కూలుకు వెళ్ళాలి. రోజూ పొద్దున మా అమ్మ పాపను ఎత్తుకుని దూడను చూపిస్తానని పెరట్లోకి తీసుకెళ్ళేది. మేమిద్దరం చెప్పులు చేత్తో పట్టుకుని ముందు వాకిట్లోంచి జారుకునేవాళ్ళం. బండిని సందు మలుపుదాకా తోసుకెళ్ళి అక్కడ స్టార్ట్ చేసేవాణ్ణి. దొంగలకైనా అంత నేర్పుండదు! పిల్ల కంట నీరు చూడలేని వాత్సల్యం కదా మాది, అని మురిసిపోయాను కూడా.

నెల తిరక్కుండానే పాప ఆడుకోవడం మానేసింది. ఇంట్లో ఉన్నంతసేపూ నా చొక్కా అంచు పట్టుకునే ఉండేది. స్నానానికి వెళితే తలుపు బయట కూర్చునేది. నిద్రలో ఉలిక్కిపడి లేచి నన్ను తడిమి చూసుకునేది. గలగలా మాట్లాడే పిల్ల రెండు మూడు ముక్కలకు తగ్గిపోయింది. అమ్మ దిష్టి తీసింది. తాయెత్తు కట్టించాం. ఏమీ తేడా లేదు. చివరికి మస్తాన్‌బీ గారే ఇంటికొచ్చారు.

"పొద్దున పొయ్యేటప్పుడు పాపకు చెప్తారా అయ్యోరా?"

"చెబితే ఏడుస్తుందండీ."

"ఏడవనీండి. ఆ ఏడుపు కాసేపే. మీరు చెప్పకుండా మాయమైతే, బిడ్డేమో నేనేదో తప్పు చేసినా, నాయనకు నా మీద కోపమొచ్చింది, అందుకే పోయినాడనుకుంటాది. మళ్ళీ ఎప్పుడు మాయమైతారోనని కాపలా కాస్తా కూర్చోనుంటే, ఇంక ఆ పిల్ల ఆడుకునేదెప్పుడు?"

నేనూరుకుంటానా? శిశువుల సుకుమార స్వభావం మీద ఒక శ్లోకంతో సహా దండకం చదివాను. ఆమె చివరిదాకా విని నవ్వింది. "ఇన్ని మాటలొచ్చినోళ్ళు, బిడ్డకు ఒక్క మాట చెప్పలేరా? గడపలో నిలబడండి. పోయొస్తా, సాయంత్రం దూడను వదిలే వేళకు వస్తా అని చెప్పండి. చెప్పిన వేళకు రండి. అంతే."

మర్నాడు ఆమె కూడా వచ్చి వాకిట్లో నిలబడింది. నేను చెప్పాను. పాప ఏడుపు బస్టాండుదాకా వినబడి ఉంటుంది. వెనక్కి తిరగబోయాను. ఆమె బండి హ్యాండిలు పట్టుకుని, "చెప్పినారు గదా, పొండి. మాట నిలబెట్టుకునేది సాయంత్రం పని" అంది. ఆ సాయంత్రం నేను బండి నడిపిన వేగం ఆమెకు ఏనాడూ చెప్పలేదు. పది రోజులు గడిచాక ఒక పొద్దున హాసినే నా హెల్మెటు మోసుకొచ్చి, "పోయిరా నాన్నా, దూడప్పుడు రా" అంది. హెల్మెటు పెట్టుకున్నాను కాబట్టి సరిపోయింది, నేను ఏడ్వడం ఎవరూ చూడలేదు.

పోలయ్య దగ్గర మాత్రం ఆమె ఇంకో దారి తొక్కింది. సముద్రం మీదికి వెళ్ళేవాణ్ణి ఎక్కడికని అడగకూడదు, ఎదురుగా ఏడవకూడదని వాళ్ళ నమ్మకం. అందుకే కొడుకు నిద్రలో ఉండగానే అతను వెళ్ళిపోయేవాడు. పిల్లవాడు తండ్రి లుంగీ అంచు చేతికి చుట్టుకుని పడుకునేవాడు. "అది మా శాస్త్రం టీచరమ్మా" అన్నాడు పోలయ్య. "నీ శాస్త్రం జోలికి నేనెందుకు పోతానబ్బయ్యా? ముందురోజు సాయంత్రమే చెప్పు. నీ అన్నం క్యారియరు వాడిచేత కడిగించి సర్దించు" అందామె. ఎవరి నమ్మకాన్నీ ఆమె వేలెత్తి చూపలేదు. ఇప్పుడు ఆ క్యారియరును వాడు తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదు.

పదిహేను రోజుల కిందట చివరిసారి చూడబోయాను. జబ్బు ఆమెను పీల్చి పిప్పి చేసింది. మంచం మీదనుంచే అడిగింది, "పాపకు చెప్పినారా అయ్యోరా, నేను పోతుండానని?"

"చెప్పానమ్మా" అన్నాను. పచ్చి అబద్ధం! ఆమె నా వైపు చూసి, మంచినీళ్ళిమ్మంది. ఆరేళ్ళ కింద నాకు దిద్దించిన పాఠాన్ని ఆమె విషయంలోనే తప్పాను. చెప్పులు చేత్తో పట్టుకునే బుద్ధి నాకింకా పోలేదు.

సోమవారం ఇంటికొచ్చేసరికి హాసిని గడపలోనే కూర్చుని ఉంది. పక్కన కూర్చున్నాను. "అమ్మా, బీబీ టీచరు..." అన్నాను. 

"పోయింది గదా. నాకు తెలుసు నాన్నా. చెప్పే పోయింది."

పోయిన ఆదివారం దర్జీ మామను చూడ్డానికని వెళ్ళినప్పుడు ఆమె దీన్ని దగ్గర కూర్చోబెట్టుకుందట. "'నేను పోతుండా పాపా, ఈసారి మళ్ళీ రాను. నీ మీద కోపంతో గాదు, ఒళ్ళు బాగలేక' అనింది. నేను గట్టిగా ఏడ్చినా. ఏడువు, పర్లేదు అని జడేసింది."

"మరి నాకు చెప్పలేదేం తల్లీ?"

హాసిని నా చొక్కా అంచు సరిచేసింది. "నువ్వు ఏడుస్తావని."

ఇద్దరం కలిసి ఆమె ఇంటికి వెళ్ళాం. పోలయ్య ఆ రోజు వేటకు పోలేదు. కావేరమ్మ, ఇంకా ఎందరో తల్లులు, ఒకరి పని ఒకరు అందుకుంటూ ఆ ఇంటికి వచ్చినవాళ్ళకు నీళ్ళిస్తున్నారు.

బీబీ టీచరమ్మా! మంచం పక్కన అబద్ధమాడినందుకు ఈ అయ్యవారిని క్షమించు. నీ స్థానంలో రేపో మాపో ఇంకొకరిని వేస్తారు. మా గడపలో నీ స్థానం భర్తీ అయ్యేది కాదు. ఇవాళ లోపలి గదిలో నీ గురించి రాస్తానని, రాసేటప్పుడు ఏడుస్తానని, అన్నం వేళకు బయటికి వస్తానని హాసినికి ముందే చెప్పి కూర్చున్నాను. అన్నం వేళైంది. వెళుతున్నాను.