గోడలోంచి పీకిన రాయి

నినియన్ డర్వర్డ్ తాత ఎడింబరోలో వకీలు. నలభై ఏళ్లు ఊరందరి తగవులూ రాసి, వేళ్లు వంకర్లు పోయాక బాల్‌గారీ అనే చిత్తడి నేల కొన్నాడు. అక్కడ భూస్వామిని అతని నేల పేరుతోనే పిలుస్తారు; ఆ రోజు నుంచి పెళ్లాం కూడా ఆయన్ని "బాల్‌గారీ" అనే పిలవాలి. "నినియన్" అంటే ఆయనకి చెవుడు వచ్చేసేది.

పక్క ఎస్టేటు దొరకి ఇది కంటగింపు. ఆ నేల తనదేనని ఎలాగో ఒక పత్రం పుట్టించాడు. ఒక శనివారం గుమాస్తా మట్టర్‌ని, ఒక నోటరీని, ఇద్దరు సాక్షుల్ని పంపాడు. పత్రం ఒక్కటీ చాలదు మరి. అక్కడి చట్టం ప్రకారం ఆ నేల మీదే నిలబడి, ఆ నేల మట్టీ రాయీ చేత పట్టుకుంటేనే స్వాధీనం. అది జరిగితే తాత పని సరి.

వాచిన కాళ్లతో తాత పొలం నడిమధ్య కర్ర పాతుకుని నిలబడ్డాడు.

"తప్పుకో ముసలాయనా," అన్నాడు మట్టర్.

"నా నేల మీద నేను నిలబడ్డా. నీ తంతు నువ్వు కానీ."

మట్టి దొరికింది. రాయి మాత్రం దొరకలేదు. మట్టర్ మోకాలి దాకా బురదలో దిగబడ్డాడు.

"వెతుకు నాయనా, వెతుకు!" అంది గ్రిజెల్ నాయనమ్మ. "పదిహేనేళ్లుగా రాళ్లన్నీ ఒళ్లో ఏరి పారేశాను. ఒక్కటి దొరికినా గౌను అంచు చించి నీ జోడు తుడుస్తా."

మట్టర్‌కి ఒళ్లు మండింది. హద్దు గోడలోంచి ఒక రాయి పీకి గుప్పిట పట్టాడు.

"నోటరీగారూ, ఆ రాయి ఎక్కడిదో కూడా రాయండి," అన్నాడు తాత తీరిగ్గా.

"గోడలోదండీ."

"ఆ గోడ తన హద్దులో ఉందని మూడేళ్ల కిందట దొర నా మీద దావా వేసి గెలిచాడు. అంటే దొర రాయి దొరకే ఇచ్చారు. మరి బాల్‌గారీ రాయేదీ?"

నోటరీ కలం పైకెత్తాడు. మళ్లీ దించలేదు.

"సోమవారం పారలతో వస్తాం!" అని అరిచాడు మట్టర్.

"బండెడు తెచ్చుకో!" అన్నాడు తాత.

మర్నాడు ఆదివారం. ఆ రోజు పార ముట్టినవాణ్ణి పాస్టరు చర్చిలో అందరి ముందూ నిలబెడతాడు. తాత ఆ శనివారమే ఎడింబరోలో జడ్జి దగ్గరికి గుర్రం ఎక్కాడు.

"కాళ్ల వాపో?" అని అరిచింది నాయనమ్మ.

"దాని మీదా దావా వేశా!"

సోమవారం పారలు వచ్చేసరికి తాత గుర్రుపెడుతున్నాడు. నాయనమ్మ కోర్టు కాయితం పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"స్టే! తవ్వారో, కటకటాలే!"

నోటరీ వంగి చూశాడు.

"మాట నిజమేనమ్మా. కాయితమే తలకిందులుగా పట్టుకున్నారు."