మిరపకాయల మీద రగ్గు

ఈ శీతాకాలం కాశ్మీరు లోయలో మంచు బాగా పడుతుందని ఫోన్‌లో చదవగానే నాకు మిరపకాయల ఘాటు గుర్తొచ్చింది.

నా ఏడో ఏట నాన్న గురజాల నుంచి మిర్చి లారీ తోలుకుని అటే వెళ్లాడు. నెల దాటినా రాలేదు. "కొండల్లో మంచు పడి దారి మూసేశారంట" అంది అమ్మ.

మిరపకాయలు ముట్టుకుంటే చేతులు మండుతాయి కదా, ఆ మంట పట్టిన రగ్గు కప్పుకుంటే నాన్నకు చలే ఉండదనుకున్నాను. రోజూ కల్లంలో ఎండుతున్న కాయల మీద ఆయన ఇంట్లో వదిలి వెళ్లిన రగ్గు పరిచేదాన్ని.

"ఏందే ఇది? కాయలకి ఎండ తగలొద్దా? తియ్యి!" అని పక్కింటి పెద్దమ్మ కసిరింది.

"ఉండనీ అక్కా" అంది అమ్మ, తాలుకాయలు ఏరుతూ, తలెత్తకుండా.

కాయలు అమ్ముడుపోయాయి. ఎండలు ముదిరాయి. వాకిట్లో కాలు పెడితే బొబ్బలెక్కే రోజున మళ్లీ అడిగాను, నాన్న ఎప్పుడొస్తాడని.

"ఆడ ఇంకా చానా మంచుందంటమ్మా" అంది అమ్మ, కొంగుతో చెమట తుడుచుకుంటూ.

నమ్మాను. ఆ కొండలు మరీ పెద్దవి కాబోలు అనుకున్నాను.

నాన్న ఇక రాలేదు. ఆ దారి ఎప్పుడు మూస్తారో, ఎప్పుడు తెరుస్తారో ఇప్పుడు ఫోన్‌లోనే తెలిసిపోతుంది. చలికాలమంతా రోజూ చూస్తాను. మూసి ఉందన్న రోజున మనసు కాస్త కుదుటపడుతుంది.